మా తమ్ముడి తల

మా తమ్ముడు చేసిన ఆఖరి హెడ్‌ఫోన్‌ను వాడు గీసినట్టే బయటికి తేవాలా, మార్చి తేవాలా అన్నది తేల్చే రోజున కంపెనీవాళ్ళు నన్ను పిలిచారు. తేల్చడానికి పిలుస్తున్నామని మాత్రం చెప్పలేదు.

"మీ చేతుల మీదుగా మొదలుపెడితే బావుంటుందమ్మా. ఒక ఫొటో తీసుకుందాం. మీవారిని కూడా తీసుకురండి" అన్నారు యజమాని ఫోన్‌లో.

వాడు వానలు మొదలైన వారంలో పోయాడు. ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పుకోవడానికి కుర్చీలో కూర్చున్నాడు. ఒక చెప్పే విప్పాడు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మా నాన్నా అంతకుముందే వెళ్ళిపోయారు. కాబట్టి కుటుంబం అని ఎవరినైనా పిలవాలంటే కంపెనీవాళ్ళకు నేనొక్కదాన్నే దొరికాను. బడికి సెలవు పెట్టి బయలుదేరాను.

వాడు చేసేవి మామూలు హెడ్‌ఫోన్లు కావు. వినడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు కొనుక్కునేవి. మొదటిసారి వాటి ధర చెప్పినప్పుడు మావారు చేతిలోని పేపరు పక్కన పెట్టేశారు.

"ఆ డబ్బుకి పాడేవాణ్ణే ఇంటికి పిలిపించుకోవచ్చు కదరా!"

"పాడేవాడొస్తే కాఫీ ఇవ్వాలి బావా. ఇది కాఫీ అడగదు."

"నోరు మూసుకుని వెళ్ళమంటే వెళ్తాడు గదా వాడు. ఇది నెత్తినెక్కి కూర్చుంటుంది."

ఈ ఆఖరిదానికి వాడు 'ఏకరేఖ' అని పేరు పెట్టాడు. ఒక చెవి దగ్గర మొదలైన సన్నని లోహపు పట్టీ తల మీదుగా వంగి రెండో చెవి దగ్గర ఆగుతుంది. మధ్యలో అతుకు లేదు. స్క్రూ లేదు. తలను బట్టి పొడవు పెంచి తగ్గించుకునే జారుడు ముక్క, అన్ని హెడ్‌ఫోన్లకూ ఉండేది, అదీ లేదు. తలకట్టు తీసేసిన గ అక్షరంలా ఉంటుంది. చెయ్యి ఎత్తకుండా, వణక్కుండా, ఒక్క ఊపులో రాసిన గ. బోర్డు మీద ఎన్నేళ్ళు రాసినా నాకు అలాంటి గ ఒకటో రెండో వచ్చి ఉంటాయి.

"ముందు కంటికి నచ్చాలక్కా. కంటికి నచ్చితే మనిషి దగ్గరికొస్తాడు. దగ్గరికొచ్చాక చెవి సంగతి నేను చూసుకుంటాను" అనేవాడు.

"మరి తల నొప్పెడితే?"

"పెట్టుకున్నట్టే తెలియకూడదు. హాయి అంటే ఏమీ తెలియకపోవడం. నా తల మీద పొద్దున్నుంచీ ఉంటుంది, ఏమీ తెలియదు."

ఆ గీత వాడు గీసినట్టే లోకంలోకి రావాలని నాకు ఉండేది. వాడి తరఫున నాకు మిగిలిన కోరిక అదొక్కటే కాబట్టి కాస్త గట్టిగానే ఉండేది.

*

కంపెనీ ఒక పరుపుల గోదాముకు పై అంతస్తులో ఉంది. కింద అంతటా పరుపులుంటే వీధి చప్పుడు పైకి రాదని వెతికి అద్దెకు తీసుకున్నారట. మెట్ల మీద కొత్త దూది వాసన వేసింది. పైన మా ఇద్దరికీ యజమాని ఎదురొచ్చారు. ఎవరు ఏం చెప్పినా తలూపే మనిషి. మా తమ్ముడు బతికున్న రోజుల్లో "మా ఓనరు తలూపితే సరే అన్నట్టు కాదక్కా, విన్నట్టు" అని చెబుతుండేవాడు.

మావారిని ముందు గదిలో పేపరు ఇచ్చి కూర్చోబెట్టారు. నన్ను వినే గదిలోకి తీసుకువెళ్ళారు. ఆ గది గోడలకూ కప్పుకూ బూడిదరంగు స్పాంజి ముక్కలు పళ్ళలా అంటించి ఉన్నాయి. తలుపు వేస్తే మన ఊపిరి మనకే పక్కవాళ్ళదిలా వినబడుతుంది. మాట్లాడితే మాట నోటి దగ్గరే పడిపోతుంది. మా తరగతి గదికి ఇలాంటి గోడలుంటే ఎంత బావుండునో అనుకున్నాను. అనుకుంటూ మూల వైపు తిరిగాను.

మూలన ఒక బల్ల మీద మా తమ్ముడు ఉన్నాడు.

మెడ వరకే. తెల్లటి ప్లాస్టర్. చెవులు మాత్రం రబ్బరువి, మనిషి రంగులో. మెడ కింద నుంచి రెండు వైర్లు వెనక్కి వెళ్ళాయి. ముక్కు కొన దగ్గర చిన్న పెచ్చు ఊడింది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ప్లాస్టర్ పోసేటప్పుడు కళ్ళు మూసుకోక తప్పదు. నేను ఆ ముఖాన్ని కళ్ళు మూసుకుని ఉండగా అంతకుముందు ఒక్కసారే చూశాను.

"అయ్యో, మీకు ముందే చెప్పాల్సింది" అంది పక్కనే ఉన్నావిడ. శబ్దం సరిచేసే ఇంజినీరు. మా తమ్ముడితో కలిసి పనిచేసింది, రోజూ పోట్లాడింది కూడా. వాడి మాటల్లో ఈవిడ పేరు 'చెవులావిడ'. "ఇది మా కొలతల తల. లోపల, చెవి రంధ్రాల దగ్గర మైకులుంటాయి. హెడ్‌ఫోన్ దీనికి పెట్టి, చెవిలోకి ఎంత శబ్దం వెళ్తోందో కంప్యూటర్లో చూస్తాం. అలాంటి తలలు బయట అమ్ముతారు గానీ, మొదట్లో కొనే స్తోమత లేదు. ఆయనే తన తలకి అచ్చు తీయించుకున్నారు."

"మాకు చెప్పలేదు."

"సిగ్గుపడి ఉంటారు. మూడు రోజులు కనుబొమల్లో ప్లాస్టర్ పెట్టుకుని తిరిగారు."

"మేమందరం దీన్ని పెద్దసారు అంటాం మేడమ్" అని నవ్వుతూ వచ్చాడు అమ్మకాల మేనేజరు. నున్నగా దువ్విన జుట్టు, నున్నని మాట. "ఆయన్ని పేరు పెట్టే పిలిచేవాళ్ళం. తలని మాత్రం పెద్దసారు. ఏ మోడలైనా పెద్దసారు ఒప్పుకోవాల్సిందే. ఏకరేఖని చూశారంటే..." అంటూ కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. తెర మీద ఒక ఆకుపచ్చ గీత ఎక్కడా గుంట లేకుండా, గుట్ట లేకుండా సాగిపోయింది. "ఇంత చక్కటి గ్రాఫు మా కంపెనీలో ఇంతవరకూ రాలేదు. పెద్దసారు నూటికి నూరు వేసేశారు."

"పెద్దసారుకి బాగానే ఉంది. మనుషులకే బాగాలేదు" అంది చెవులావిడ.

గొడవంతా అదేనని అప్పుడు తెలిసింది. ఏకరేఖ ప్లాస్టర్ తల మీద అద్భుతంగా మోగుతోంది. బతికున్నవాళ్ళ తలల మీద మోగడం లేదు. పైగా నొక్కుతోంది. రెండు పక్కలా పట్టీని కోసి, జారుడు ముక్కలు పెట్టి, పైన మెత్త వెయ్యాలని ఆవిడ. కోస్తే అందం పోతుందని, అందం పోతే దీన్ని ఎవడు కొంటాడని మేనేజరు. యజమాని ఇద్దరికీ తలూపుతూ వర్షాకాలం గడిపారు. అచ్చులు పోసే ఆయన ఇంక ఆగనన్నాడట. ఈ సాయంత్రానికి ఏదో ఒకటి చెప్పకపోతే వేరేవాళ్ళ పని ఎత్తుకుంటానన్నాడట.

"అందుకని ఇవాళ మన పాత కొనుగోలుదార్లని కూడా పిలిచాం. వాళ్ళెలా అంటే అలా" అన్నారు యజమాని.

*

వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన పళ్ళ డాక్టరు. రోజంతా మిషను రొద విని, ఇంటికెళ్ళి చెవులు కడుక్కోవడానికి సంగీతం వింటానని చెప్పుకున్నాడు. ఇంకొకావిడ పాటలు నేర్పే టీచరు. ఇద్దరూ మా తమ్ముడు చేసిన పాత మోడళ్ళు కొన్నవాళ్ళు.

ఏకరేఖను పెట్టెలోంచి తీయగానే ఇద్దరి ముఖాలూ మారాయి. డాక్టరు దాన్ని రెండు చేతులతో అందుకుని, వెలుతురుకి పట్టి, పసిబిడ్డను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అబ్బ! ఎంత అందంగా ఉందండీ. ఇది వినడానికి కాదు, గోడకి పెట్టుకోవడానికి."

"విని చూడండి సార్" అన్నాడు మేనేజరు.

పెట్టుకున్నాడు. మొదటి పాట సగంలోనే ఆయన నుదురు ముడుచుకుంది. రెండో పాటకి చేతులు కుర్చీ పిడుల మీదకు వెళ్ళాయి. మూడోది మొదలవకముందే తీసేశాడు.

"నా కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎందుకలా పిడులు పట్టుకుంటారో ఇన్నాళ్ళకి తెలిసింది."

"మొదట్లో కొంచెం బిగువుగా ఉంటుంది సార్. వాడగా వాడగా..."

"ఏది వదులవుతుంది? ఇదా, నా తలా?"

పాటల టీచరుది చిన్న గుండ్రటి ముఖం. ఆవిడకు బిగువు లేదు గానీ చెవి మీద కూర్చోవలసిన కప్పు కిందకు జారి దవడ మీద కూర్చుంది. చేత్తో పైకెత్తి పట్టుకుంటే బాగా వినబడుతోంది, వదిలితే పలచబడుతోంది. ఆవిడ ఎత్తుతూ, వదులుతూ, ఎత్తుతూ కొంతసేపు ఓపిగ్గా విన్నది.

"మేడమ్, ఖరీదైన బూటు కూడా మొదట్లో కరుస్తుంది కదండీ" అన్నాడు మేనేజరు.

"బూటు కరిస్తే కుంటుకుంటూ ఇంటికెళ్తాను నాయనా. ఇది పట్టుకుని నిలబడాలి. చేతులు రెండూ దీనికిస్తే తాళం ఎవరు వేస్తారు?"

"చూశారా" అంది చెవులావిడ యజమానితో. ఆయన తలూపారు.

"చూడాల్సింది ఇది కాదు సార్" అన్నాడు మేనేజరు వెంటనే. "వీళ్ళకి అలవాటు లేదు. గ్రాఫు అబద్ధం చెప్పదు. పెద్దసారు తల మీద సరిగ్గా కూర్చుంది, సరిగ్గా మోగింది. అంటే వస్తువు సరిగ్గానే ఉంది. తలల్లోనే ఏదో తేడా ఉంది."

ఆ మాట అక్కడ ఎవరికీ వింతగా అనిపించలేదు. యజమాని మళ్ళీ తలూపారు. చెవులావిడ కూడా గ్రాఫును కాదనలేక ఊరుకుంది. కొన్నేళ్ళుగా వాళ్ళందరూ పొద్దున లేచి ఆ తల చెప్పిందే నిజమనుకుంటూ పనిచేశారు. కొలబద్దను కొలవాలని ఎవరికి తోస్తుంది?

"పోనీ, టీచర్ గారు ఒకసారి పెట్టుకుంటారు" అన్నారు యజమాని నన్ను చూపించి. "ఫొటో కూడా అయిపోతుంది."

*

పెట్టుకున్నాను.

ఎక్కడా ఏమీ తెలియలేదు. నిజంగానే తెలియలేదు. పట్టీ నడినెత్తి మీద గాలిలా ఆగింది. కప్పులు చెవుల చుట్టూ చేరి కూర్చున్నాయి, కూర్చున్న సంగతి చెప్పకుండా. గది చప్పుడు మాయమైంది. పాట పెట్టారు. అందులో ముందు రేకుల కప్పు మీద వాన మొదలైంది. ఎవరో కుర్చీ లాక్కున్నారు. ఆ కుర్చీ నా ఎడమ భుజానికి కాస్త వెనకగా ఉంది, చెయ్యి చాపితే తగిలేలా. తర్వాత వేణువు. వాయించే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపు ఉన్నానో తెలియదు. కళ్ళు తెరిచేసరికి అందరూ నా వైపే చూస్తున్నారు. మేనేజరు ముఖం పండగలా ఉంది.

"ఎలా ఉంది మేడమ్?"

"హాయిగా ఉంది" అన్నాను. అది నిజం.

"నొక్కుతోందా?"

"లేదు."

"జారుతోందా?"

"లేదు."

"చూశారా సార్!" అతను బల్ల మీద చరిచాడు. ఆ గదిలో అది మోగలేదు, చెయ్యి మాత్రం నొప్పెట్టినట్టుంది. "అలవాటు లేదు, కళాహృదయం తప్ప ఏమీ లేదు, టీచర్ గారికి మొదటిసారే సరిపోయింది. నేను మొదట్నుంచీ అదే అంటున్నాను. కూర్చునే పద్ధతిలో కూర్చుంటే ఎవరికైనా సరిపోతుంది."

పళ్ళ డాక్టరు తన నడుం నిటారుగా చేసుకున్నాడు. తను కూర్చున్న తీరు మీదే ఆయనకు అనుమానం వచ్చింది పాపం.

నేను హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అసలు సంగతి నాకు అప్పటికే తెలిసిపోయింది. మా నాన్నదీ, నాదీ, తమ్ముడిదీ ఒకటే తల. పక్కల నుంచి నొక్కి, పైకి లాగినట్టు ఉంటుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో మాకు చిన్నపిల్లల ఫ్రేములే సరిపోతాయి. టోపీలు ఏవీ ఆగవు. పెళ్ళయిన కొత్తలో మావారు నా తల మీద చెయ్యి వేసి "మీ ఇంట్లో అందర్నీ తలుపు సందులో పెట్టి పెంచారా?" అని అడిగారు. ఏకరేఖను మూలన ఉన్న ఆ తల మీద వంచారు. అందుకే అది ఆ తలకు సరిపోయింది. నాకు సరిపోయింది. మా నాన్న ఉంటే ఆయనకూ సరిపోయేది.

నేను నోరు మూసుకుంటే చాలు. అబద్ధం చెప్పక్కరలేదు. అడిగినవాటికి నిజాలే చెప్పాను. ఆ గీత వాడు గీసినట్టే బయటికి వస్తుంది. డబ్బున్నవాళ్ళు కొంటారు. నొప్పి పుడితే అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. దాని వల్ల ఎవరి ప్రాణమూ పోదు. ఇలా లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. తరగతిలో సగం జవాబు చెప్పి కూర్చునే పిల్లలను నిలబెట్టి మిగతా సగం చెప్పించడం నా ఉద్యోగం. కానీ ఆ పూట సెలవులో ఉన్నాను.

"ఇంకెవరైనా చూస్తే బావుండు" అంది చెవులావిడ, ఓటమి ఒప్పుకోని గొంతుతో. "ఒక్కరి మాట మీద అచ్చులు పోస్తామా?"

"టీచర్ గారి భర్త ఉన్నారుగా బయట" అన్నారు యజమాని.

*

మావారు లోపలికి వచ్చారు. మూల వైపు చూసి ఆగిపోయారు. "ఒరేయ్, ఇక్కడున్నావా" అన్నారు, ఎవరికీ వినబడకూడదనుకుంటూ. ఆ గదిలో గుసగుస కూడా దాగదు. తర్వాత నా వైపు చూశారు. నా ఒళ్ళో ఉన్నదాన్ని చూశారు.

మావారి తల గుమ్మడికాయంత ఉంటుంది. నేను అనడం కాదు, ఆయనే చెప్పుకుంటారు. హెల్మెట్ కొనడానికి వెళ్తే దుకాణంవాడు లోపలి గదిలోంచి తెచ్చి ఇస్తాడు. మా తమ్ముడు ఏ మోడల్ తెచ్చినా ఆయన తల మీద పెట్టి చూసేవాడు, "నీకు పట్టిందంటే ఏనుక్కైనా పడుతుంది బావా" అని. ఏకరేఖను మాత్రం ఇంటికి తేలేదు.

"పెట్టుకోండి సార్. నిజాయితీగా చెప్పండి" అన్నాడు మేనేజరు.

మావారు పట్టీని రెండు చేతులా విడదీసి, ఊపిరి బిగబట్టి, తల మీదకు దించుకున్నారు. లోహం సన్నగా మూలిగింది. పాట పెట్టారు. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఫొటోకు కూర్చున్నట్టు కూర్చున్నారు. పాట అయిపోయింది. రెండోదీ అయిపోయింది. కణతల మీద నరాలు పైకి తేలాయి. కప్పుల అంచుల దగ్గర చర్మం తెల్లబడి, దాని చుట్టూ ఎర్రబడింది. మూడో పాట మధ్యలో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సార్, ఇబ్బందిగా ఉంటే తీసెయ్యండి" అంది చెవులావిడ.

ఆయనకు వినబడలేదు. వినబడనంతగా బిగుసుకుంది. ఆవిడ చేత్తో సైగ చేస్తే అప్పుడు చూశారు.

"ఏం ఇబ్బంది?" అన్నారు గట్టిగా. "బ్రహ్మాండంగా ఉంది! మా బావమరిది చేశాడు. హాయిగా ఉంది!"

"కన్నీళ్ళొస్తున్నాయండీ..."

"వేణువు బావుంది!"

ఆయన నన్ను చూసి నవ్వారు. మేనేజరు ఆ కన్నీళ్ళను ఫొటో తీశాడు. "ఇదే మేడమ్, ఇదే మనం అమ్మేది!" అన్నాడు. పాటల టీచరు జాలిగా చూసింది. పళ్ళ డాక్టరు కుర్చీలోంచి సగం లేచాడు. మావారు మాత్రం కదల్లేదు. నాలుగో పాట పెట్టమని వేలు చూపించారు.

నేను లేచి వెళ్ళి, దాన్ని ఆయన తల మీద నుంచి తీసేశాను. చెవులు రెండూ నిప్పు కణికల్లా ఉన్నాయి. నుదుటికి రెండు పక్కలా గుంటలు పడ్డాయి.

"ఎందుకు తీశావు? బాగానే ఉందిగా" అన్నారు నెమ్మదిగా.

"ఊరుకోండి మీరు."

చెవులావిడ వైపు తిరిగాను. "ఈ పట్టీని ఎవరి తల మీద వంచారు?"

"పెద్దసారు మీదే. అన్నీ ఆ తల మీదే చేస్తాం."

"పాతవాటికి జారుడు ముక్కలుండేవి కదా."

"ఉండేవి. వాటితో ఎవరికి కావలసినట్టు వాళ్ళు సర్దుకునేవాళ్ళు." అంటూనే ఆగిపోయింది. నా తల వైపు చూసింది. మూలన ఉన్న తల వైపు చూసింది. మళ్ళీ నా వైపు.

నేను వెళ్ళి మా తమ్ముడి పక్కన నిలబడ్డాను. ఏకరేఖను వాడి తల మీద పెట్టాను. తీసి నా తల మీద పెట్టుకున్నాను. మళ్ళీ తీసి వాడి తల మీద పెట్టాను. ఎక్కడా సర్దవలసిన పని రాలేదు.

"ఇది మా ఇంటి తల" అన్నాను. "మా ఇంట్లో పుట్టినవాళ్ళ తలలన్నిటికీ ఈ హెడ్‌ఫోన్ హాయిగా ఉంటుంది. మా ఇంట్లో పుట్టినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను."

యజమాని తలూపడం మరిచిపోయారు. పళ్ళ డాక్టరు మళ్ళీ మామూలుగా వెనక్కి వాలి కూర్చున్నాడు.

మొదట మేనేజరే తేరుకున్నాడు. "అంటే మేడమ్... మీకొక్కరికే సరిపోయే వస్తువు. ప్రపంచంలో ఒక్కరికే!" అతని కళ్ళు మెరిశాయి. "ఆ మాట మీదే అమ్మొచ్చు."

"ఎవరికి నాయనా?" అంది పాటల టీచరు. "కొనాల్సింది కూడా ఆవిడొక్కరే కదా."

*

సాయంత్రం యజమాని అచ్చుల ఆయనకు ఫోన్ చేసి పట్టీని కొయ్యమన్నారు. నేను మెట్లు దిగుతుంటే వెనకే వచ్చి అడిగారు.

"ఇంక బయటి తల ఒకటి కొంటామమ్మా. సగటు కొలతలది. ఈ తల... మీకు కావాలంటే తీసుకువెళ్ళండి. మాకు చెత్తలో వెయ్యడానికి చేతులు రావు."

నేను ఆలోచించాను. ఇంట్లో ఎక్కడ పెట్టాలి? బీరువా పైన పెడితే దుమ్ము పడుతుంది. బల్ల మీద పెడితే వచ్చినవాళ్ళందరికీ చెప్పాలి.

"ఇక్కడే ఉండనివ్వండి. పని చేసే చోటు" అన్నాను.

ఇప్పుడు అది ముందు గదిలో అద్దాల షోకేసులో ఉంది. కొయ్యకముందు చేసిన ఆ ఒక్క ఏకరేఖ దాని తల మీద ఉంది. వచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారట. అంత అందంగా ఉన్నదాన్ని ఎందుకు అమ్మరని అడుగుతారట. అమ్మకాల మేనేజరు ప్రతివాళ్ళకూ ఏదో ఒక కారణం చెబుతాడట. ఏ ఇద్దరికీ ఒకే కారణం చెప్పడని చెవులావిడ ఫోన్‌లో చెప్పింది.

మార్కెట్‌లోకి వచ్చిన హెడ్‌ఫోన్ పేరు కూడా ఏకరేఖే. దానికి రెండు అతుకులు, నాలుగు స్క్రూలు, రెండు జారుడు ముక్కలు, నెత్తి మీద మెత్తటి దిండు ఉన్నాయి. లోపలి వైపు మా తమ్ముడి సంతకం ఉంది. బాగా అమ్ముడుపోతోంది. ఒక పత్రికలో దాని గురించి రాసినాయన అందం విషయంలో కాస్త పెదవి విరిచినా, హాయిగా ఉండటంలో దీనికి సాటి లేదన్నాడు. దీన్ని రూపొందించిన మనిషికి తన తల గురించి తప్ప మిగతా తలలన్నిటి గురించీ ఆలోచన ఉందని మెచ్చుకున్నాడు. ఆ కాగితం కత్తిరించి దాచాలా వద్దా అని రెండు రోజులు చూసి, పాత పేపర్లలో కలిపేశాను.

కంపెనీ నాకొకటి పంపింది. నాకు అది నిలవదు. జారుడు ముక్కలు పూర్తిగా లోపలికి తోసినా నెత్తి మీద ఊగుతుంది, కాస్త తల వంచితే మెడలోకి వస్తుంది. సగటు తల కొలిచి చేశారు. ఆ సగటులోకి మేము రాము.

మావారికి మాత్రం సరిగ్గా సరిపోయింది. సాయంత్రాలు పడక్కుర్చీలో వాలి, అంత ఖరీదైనదాన్ని తలకు తగిలించుకుని వార్తలు వింటారు. నిన్న పిల్లల కాగితాలు దిద్దుతూ కూర్చున్నాను. ఆయన ఉన్నట్టుండి మాట్లాడారు, చెవులు మూసుకుని ఉన్నాయి కాబట్టి ఇల్లంతా వినబడేలా.

"పెట్టుకున్నట్టే లేదే! చూశావా, నా తలని కూడా మనసులో పెట్టుకునే చేశాడు వాడు!"

ఆ స్క్రూలను చూస్తే వాడు ఆ పరుపుల గోదాము మీద నుంచి కిందకు విసిరేసేవాడు. నేను కలం మూసి, లేచి వెళ్ళి, ఆయన ఎడమ చెవి మీది కప్పును కొంచెం పైకెత్తాను.

"అవునండీ. మీ తల కొలత తీసుకున్నాడు."

"ఎప్పుడు?"

"మీరు నిద్రపోతున్నప్పుడు. దర్జీ టేపు పట్టుకొచ్చి. మిమ్మల్ని లేపొద్దని నాకు సైగ చేశాడు."

ఆయన కాసేపు నా ముఖంలోకి చూశారు. "దొంగ వెధవ" అన్నారు. "చేసే ఉంటాడు."

నేను కప్పు వదిలాను. అది ఆయన చెవి చుట్టూ మెత్తగా కూర్చుంది.